పూలు లేని కప్పు

డిటెక్టివ్ ఆ వంటింటి గుమ్మం దాటేసరికి గోడ గడియారం పది గంటల ఐదు నిమిషాలు చూపిస్తోంది. పదకొండింటికి ఇన్‌స్పెక్టర్ అరెస్టు కాగితం పట్టుకుని వస్తాడని వీధి తలుపు దగ్గర కాపలా ఉన్న కానిస్టేబులు ముందే చెప్పేశాడు. అంటే చేతిలో ఉన్నది యాభై ఐదు నిమిషాలు.

డిపార్టుమెంటులో ఉన్న పదకొండేళ్ళూ అతన్ని అందరూ 'నత్త' అనే పిలిచేవారు. ఏ కేసైనా నేల మీద పాకుతూ, దారిలో ఉన్న ప్రతి గడ్డిపరకనీ తడుముతూ వెళ్ళేవాడు. అతనితో పాటు అదే రోజున ఉద్యోగంలో చేరిన ఇప్పటి ఇన్‌స్పెక్టర్‌ని మాత్రం పేపర్లవాళ్ళు 'మెరుపు' అన్నారు. నత్త ఆరు నెలలు పాకి పట్టుకున్న దొంగల ముఠాని మెరుపు ఒక్క సాయంత్రం విలేకరుల ముందు నిలబెట్టి ప్రమోషన్ కొట్టేశాడు. ఆ మర్నాడే నత్త రాజీనామా ఇచ్చి ప్రైవేటు డిటెక్టివ్‌నని బోర్డు కట్టుకున్నాడు. ఏడేళ్ళయింది. అయినా ఈ ఉదయం భార్య కాఫీతో పాటు పేపరు తెచ్చి బల్ల మీద పెడుతూ, "మీ స్నేహితుడు ఫొటోలో ఎంత బాగా పడ్డాడో చూడండి" అన్నప్పుడు, కడుపులో పాత మంట మళ్ళీ రాజుకుంది. ఫొటో కింద పెద్దక్షరాలు: 'చెల్లెలి పేరు చూసి ఓర్వలేక అక్క విషం పెట్టిందా? నేడు గుట్టు విప్పనున్న ఇన్‌స్పెక్టర్.'

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. మాట్లాడింది ఆ అక్కే.

ఇప్పుడామె అతని ఎదురుగా, వంటింటి బల్ల దగ్గర నిటారుగా కూర్చుని ఉంది. నలభై ఆరేళ్ళుంటాయి. ప్రెస్సులో ప్రూఫ్ రీడరు. కింది వాటాలో ఒక్కతే ఉంటుంది. పై వాటాలో చెల్లెలూ, చెల్లెలి భర్తా. చెల్లెలు నిన్న సాయంత్రం ఇదే బల్ల దగ్గర టీ తాగి కూలిపోయి, ఆసుపత్రిలో స్పృహ లేకుండా పడి ఉంది.

"మీకు చెల్లెలంటే అసూయ ఉందా?" అన్నాడు డిటెక్టివ్, కుర్చీ లాక్కుంటూ.

ఆమె రెప్ప కూడా వెయ్యలేదు. "ఉంది."

"ఇన్‌స్పెక్టర్‌కి కూడా ఇలాగే చెప్పారా?"

"అడిగాడు, చెప్పాను. అబద్ధాలు దిద్దడమే నా పని. నేనే అబద్ధం ఆడితే ఎలా?"

"అసలేం జరిగిందో మొదట్నుంచి చెప్పండి. నాకు తొందర లేదు."

ఆమె చెప్పింది. నిద్ర పట్టక ఏళ్ళ తరబడి అవస్థ పడి, ఒక్కొక్క ఆకూ కలిపి చూసుకుంటూ మనసు కుదుటపరిచే టీ ఒకటి తయారుచేసుకుంది. నిమ్మగడ్డి, పుదీనా, చిటికెడు సోంపు, ఎండబెట్టిన చామంతి పూలు. రుచి చూసినవాళ్ళు మళ్ళీ అడక్కుండా వెళ్ళలేదు. కిందటి ఆదివారం ఆ టీ పేపర్లో మహిళల పేజీలో అచ్చయింది, చెల్లెలి పేరుతో, చెల్లెలి నవ్వు ముఖంతో.

"అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు," అన్నాడు డిటెక్టివ్.

"అది సరే. తయారీ కూడా తప్పు రాసింది. పూలని నీళ్ళల్లో వేసి పది నిమిషాలు మరిగించాలట! మరిగిస్తే విషంలా చేదెక్కుతుంది." వెంటనే నాలుక కరుచుకుంది. "అలా అనకూడదేమో ఇప్పుడు. సోమవారం దాని మీద అరిచాను. వీధంతా విన్నారు. తప్పు రాసినందుకు అరిచానని నాకు నేను చెప్పుకున్నాను. పేరు కొట్టేసినందుకే అరిచానని దానికీ తెలుసు, నాకూ తెలుసు."

ఈమె అంత తేలిగ్గా ఒప్పుకున్న సంగతిని డిటెక్టివ్ కట్టుకున్న భార్య దగ్గర కూడా ఏడేళ్ళుగా ఒప్పుకోలేదు.

"నిన్న?"

"బుధవారం కదా. నాలుగున్నరకి ప్రెస్సు నుంచి వచ్చాను. ఐదింటికి అది కిందికి దిగి వచ్చి, 'అక్కా, టీ పెట్టవా?' అంది. దానికి క్షమించమని అడగడం చేతకాదు. టీ పెట్టమంటే అదే అర్థం. ఐదూ ఐదుకి నీళ్ళు పెట్టాను. ఐదూ పదికి పొయ్యి ఆపి, కప్పుల్లో పోసి, సాసర్లు మూత పెట్టాను. అప్పుడే హాల్లో ఫోన్ మోగింది. వెళ్ళి మాట్లాడి వచ్చాను. ఐదున్నర దాటాక దానికి కడుపులో తిప్పుతోందంది. ఐదూ ముప్పై ఐదుకి కుర్చీలోంచి జారిపోయింది."

"ఫోన్ ఎవరు?"

"మరిది. ఆఫీసు నుంచి."

"ఏమన్నాడు?"

"'వదినా, టీ తాగారా?' అన్నాడు. 'ఇప్పుడే మూత పెట్టాను, చెల్లి కూడా ఇక్కడే ఉంది' అన్నాను. కాసేపేం మాట్లాడలేదు. తర్వాత సరే అని పెట్టేశాడు."

డిటెక్టివ్ చిన్న నోటు పుస్తకంలో 5:10 అని రాసుకుని దాని కింద గీత గీశాడు. తర్వాత ఆమె ముఖంలోకి పరీక్షగా చూశాడు. ముక్కు ఎర్రగా కందింది. కళ్ళు వాచాయి. పై పెదవి మీద సన్నటి దద్దుర్లు.

"రాత్రంతా ఏడ్చారా?"

"లేదు. నాకు ఏడుపు రాలేదు. ఆసుపత్రిలో అందరూ అదే వింతగా చూశారు. ఇది నిన్న సాయంత్రం నుంచీ ఉంది. తుమ్ములు, దురద."

అతను ఇంకేదో అడగబోతుండగా వీధిలో జీపు ఆగింది. గడియారం పదీ నలభై. మెరుపు మెరుపే, చెప్పిన టైముకన్నా ఇరవై నిమిషాలు ముందే వచ్చేశాడు.

ఇన్‌స్పెక్టర్ వంటింట్లోకి వస్తూనే డిటెక్టివ్‌ని చూసి పెద్దగా నవ్వాడు. మడత నలగని యూనిఫాం. భుజం మీద కొత్త నక్షత్రం. డిటెక్టివ్ కళ్ళు ఎంత వద్దనుకున్నా దాని మీదే వాలాయి.

"ఏంటి నత్తా, ఇంకా గడపలోనే ఉన్నావా? నేను ఊరు చుట్టేసి వచ్చాను."

"నువ్వు గాల్లో తిరుగుతావు. నేల మీద ఏముందో చూసేవాడు ఒకడుండాలిగా."

"నేల మీద ఏముందో లాబ్ చెప్పింది." ఇన్‌స్పెక్టర్ ఫైలు తెరిచాడు. గొంతు సవరించుకుని, ఎదురుగా విలేకరులున్నట్టే చదివాడు. "చెల్లెలి ముందున్న కప్పు. అడుగున దిగిన పొడిలో నిమ్మగడ్డి, పుదీనా, సోంపు, వాటితో పాటు తోటల్లో అందానికి పెంచే ఒక మొక్క ఎండుటాకు. గుండె మీద దెబ్బకొట్టే విషం. అక్క ముందున్న కప్పు. నిమ్మగడ్డి, పుదీనా, సోంపు, చామంతి పూలు. విషం లేదు. రెండు గుక్కలు మాత్రం తాగి వదిలేసింది. అల్మారాలో ఉన్న టీ డబ్బా కూడా శుభ్రంగా ఉంది. అంటే విషం నేరుగా చెల్లెలి కప్పులో పడింది. గదిలో ఉన్నది ఇద్దరే. కారణం పేపర్లో అచ్చయింది. ఇంకేం కావాలి నీకు?"

ఆమె ముఖం పాలిపోయింది. డిటెక్టివ్ మాత్రం కదల్లేదు. "మళ్ళీ చదువు."

"చెవుడు కూడా వచ్చిందా?"

"మొదటి కప్పు మళ్ళీ చదువు."

ఇన్‌స్పెక్టర్ విసుగ్గా చదివాడు. డిటెక్టివ్ ప్రూఫ్ రీడరు వైపు తిరిగాడు. "ఈ వాక్యంలో తప్పేమైనా కనిపించిందా?"

అలవాటైన పని కావడంతో ఆమె కళ్ళు వెంటనే చురుగ్గా అయ్యాయి. "దాని కప్పులో పూలు లేవా? ఉండాలే! దానికి నేను పూలు వేసిందే పెట్టాను."

"మీ కప్పులో?"

"నా కప్పులో పూలు ఉండకూడదు. చామంతి నాకు పడదు. ముక్కు దగ్గరకొస్తే చాలు, తుమ్ములు. పూలు వేసేది వచ్చినవాళ్ళ కోసం. నాకోసం పూలు లేకుండా విడిగా కలుపుకుంటాను."

"ఈ ముక్క నాకు చెప్పలేదేం?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"మీరు నా దగ్గర ఏడు నిమిషాలు ఉన్నారు. అందులో ఐదు నిమిషాలు మీరే మాట్లాడారు. టీ ఎలా పెట్టానని అడగలేదు."

డిటెక్టివ్‌కి లోపల పటికబెల్లం చప్పరించినంత తీపిగా అనిపించింది. అంతలోనే సిగ్గూ వేసింది. ఇక్కడ ఒక ఆడమనిషి ప్రాణం మీదికి వస్తే, తను చూస్తున్నది మెరుపు ముఖం ఎలా మాడిందా అని.

"అమ్మా, నిన్న ఎలా పెట్టారో అలాగే ఇప్పుడు టీ పెట్టండి. ఒక్క పిసరు కూడా తేడా రాకూడదు. నువ్వు కూర్చో ఇన్‌స్పెక్టరూ. పది నిమిషాలు ఆలస్యమైతే నీ ఫొటో ఏం పాతబడదు."

ఇన్‌స్పెక్టర్ కూర్చోలేదు. కానీ అడ్డమూ చెప్పలేదు.

ఆమె లేచింది. గిన్నెలో రెండు కప్పుల నీళ్ళు కొలిచి పోసి పొయ్యి వెలిగించింది. రెండు కప్పులు పక్కపక్కన పెట్టి, ఒక్కోదాని మీద ఒక చిన్న జల్లెడ దించింది. "ఆకులు జల్లెడలో ఉంటాయి. నీళ్ళు తెర్లాక పొయ్యి ఆపేసి, ఆ హోరు తగ్గాక పొయ్యాలి. వెంటనే మూత పెట్టాలి. మూత లేకపోతే వాసనంతా ఆవిరిలో పోతుంది. ఐదు నిమిషాలు. తర్వాత జల్లెడ తీసి, ఒక చెంచా తేనె."

"మూత పెట్టాక ఏ కప్పులో ఏముందో పైకి కనబడదు కదా?"

"కనబడదు. కుడి పక్కది దానిది, ఎడమ పక్కది నాది. అంతే గుర్తు."

ఆమె అల్మారా తెరిచింది. ఎర్ర మూత డబ్బా తీసి, ఆకులూ పూలూ కలిసిన పొడిని ఒక చెంచాడు కుడి జల్లెడలో వేసింది. మళ్ళీ చెయ్యి చాపింది. ఆ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"నీలం డబ్బా ఏది?"

డిటెక్టివ్ ఒక్క అంగలో ఆమె పక్కకి చేరాడు. అల్మారా అర మీద పరిచిన కాగితం మీద రెండు గుండ్రటి మరకలున్నాయి. ఒకటి ఇప్పుడే ఆమె తీసిన ఎర్ర డబ్బాది. దాని పక్కన అదే కొలతలో రెండోది. దాని మీద ఏ డబ్బా లేదు.

"లాబ్ వాళ్ళు పట్టుకెళ్ళారా?" అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ ఫైల్లో జాబితా మీద వేలు పరిగెత్తించాడు. "లేదు. ఒకే డబ్బా. ఎర్ర మూత. పరీక్షకి కొంచెం తీసుకుని డబ్బా ఇక్కడే వదిలేశారు." అతని గొంతులో విలేకరుల కోసం పెట్టుకున్న బరువు తగ్గింది. "ఈవిడే పారేసి ఉండొచ్చు."

"ఎప్పుడు? అంబులెన్సు ఎన్నింటికొచ్చింది?"

"ఐదూ యాభై ఐదు."

"అందులో చెల్లెలితో ఎవరెక్కారు?"

"నేనే," అందామె. "ఒక్కరికే చోటుందన్నారు. మరిది అప్పటికే ఇంటికొచ్చాడు. నేను పక్కకి తప్పుకున్నాను, భర్త కదా అతనే ఎక్కుతాడని. 'మీరు వెళ్ళండి వదినా, నేను తాళం వేసి వస్తా' అన్నాడు." ఆమె ఎర్ర డబ్బా మూత బిగించింది. "ఆ క్షణంలో కూడా నాకు సంతోషమేసింది. పన్నెండేళ్ళలో మొదటిసారి దాన్ని నాకు వదిలేశాడు అనుకున్నాను."

గిన్నెలో నీళ్ళు తెర్లాయి. డిటెక్టివ్ పొయ్యి ఆపాడు.

"ఇది విను ఇన్‌స్పెక్టరూ. ఐదూ పదికి ఈవిడ ఫోన్ దగ్గరికి వెళ్ళింది. చెల్లెలు ఒంటరిగా కూర్చుంది. ముందు రెండు కప్పులు. అక్క తనకోసం విడిగా ఏదో కలుపుకుంటుందని ఆమెకి తెలుసు. అదేదో ఇంకా బాగుంటుందన్న అనుమానం. అమ్మా, చిన్నప్పుడు మీ ఇద్దరికీ ఒకేలా వడ్డిస్తే ఏం చేసేది?"

"నా కంచం లాక్కునేది," అందామె. ఆ వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "కప్పులు మార్చేసిందా?"

"మార్చింది. అందుకే పూలున్న కప్పు మీ దగ్గరికొచ్చింది. రెండు గుక్కలకే తుమ్ములొచ్చి వదిలేశారు. ఆ దద్దుర్లు ఏడుపువి కావు. పూలు లేని కప్పు మీ చెల్లెలు తాగింది. నీలం డబ్బాలోది. మీరు తప్ప ఎవరూ ముట్టని డబ్బాలోది."

"అంటే ఆ విషం..."

"మీకోసం పెట్టింది."

అప్పటికే ఇన్‌స్పెక్టర్ ఫైల్లో ఇంకో పేజీ తిప్పేశాడు. డిటెక్టివ్ చెప్పడం పూర్తికాకముందే అతని వేలు ఒక గీత మీద ఆగింది. మెరుపన్న పేరు ఉత్తినే రాలేదు. ఆ సంగతి తెలిసినా డిటెక్టివ్‌కి మళ్ళీ ఒకసారి గుండెలో గుచ్చుకుంది.

"సర్వే ఆఫీసు రిజిస్టరు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ నెమ్మదిగా. "అతను అక్కడ పటాలు గీస్తాడు. నిన్న ఐదూ పదిహేనుకి పర్మిషన్ పెట్టి వెళ్ళాడు. కారణం: ఇంట్లో ఒంట్లో బాగోలేదు. మా హెడ్ కానిస్టేబులు నిన్ననే రాసుకొచ్చాడు. నేను పైపైన చూసి వదిలేశాను."

"చెల్లెలు కూలింది ఐదూ ముప్పై ఐదుకి."

"ఇరవై నిమిషాల ముందే అతనికి తెలుసు." ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. "వదిన టీ తాగిందో లేదో కనుక్కుందామని ఫోన్ చేశాడు. పెళ్ళాం కూడా అక్కడే ఉందని వినగానే హడలిపోయి పరిగెత్తుకొచ్చాడు. తర్వాత డబ్బా మాయం చెయ్యడానికి వెనక ఉండిపోయాడు. కానీ ఎందుకు? ఈవిడ మీద అతనికేం పగ?"

ప్రూఫ్ రీడరు కుర్చీలో కూలబడింది. "పగా? నన్ను చూస్తే లేచి నిలబడతాడు. 'గారు' లేకుండా నా పేరెత్తడు. ఒక్కసారి మాత్రం... వాళ్ళు కర్టెన్లు కొనుక్కొచ్చారు. అది అతన్ని పక్కన పెట్టుకునే, 'ఉండండి, అక్కకి చూపించి కుడతాను' అంది. అతను నవ్వాడు. 'ఈ ఇంట్లో నేను ఊపిరి పీల్చాలన్నా వదినగారి ప్రూఫు కావాలి' అన్నాడు. మేం ముగ్గురం పడీ పడీ నవ్వాం."

"అతను నవ్వలేదమ్మా," అన్నాడు డిటెక్టివ్. "నాకు ఆ నవ్వు తెలుసు."

ఆ మాటకి ఇన్‌స్పెక్టర్ అతని వైపు చూశాడు. డిటెక్టివ్ చూపు తిప్పుకోలేదు. "తెల్లవారితే నీ ఫొటో చూస్తున్నానుగా, ఏడేళ్ళుగా నవ్వుతూనే ఉన్నాను. అసూయపడేవాడికి ఎదుటివాడు చావకూడదు, బతికుండి తనని చూడాలి. ఈవిడ చెల్లెలి మీద పడ్డది అలాంటిది. కానీ అతను కోరుకున్నది వేరు. భార్య కళ్ళు తన వైపు తిరగాలి. మధ్యలో ఈవిడ అడ్డం."

ఇన్‌స్పెక్టర్ టోపీ మళ్ళీ తలకి పెట్టుకున్నాడు. హాల్లో ఫోన్ మోగింది.

ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. ఆమె వెళ్ళి రిసీవరు ఎత్తింది. డిటెక్టివ్ ఆమె పక్కనే నిలబడి చెవి దగ్గరగా పెట్టాడు.

"వదినా," అంది అవతలి గొంతు. మెత్తగా, మర్యాదగా ఉంది. "కళ్ళు తెరిచింది."

"బాగుందా? మాట్లాడుతోందా?"

"ఒక్క మాట మాట్లాడింది. రాత్రంతా కుర్చీలో కూర్చుని చెయ్యి పట్టుకుని ఉన్నాను వదినా. కళ్ళు తెరిచి నన్ను చూసింది. చూసి, 'అక్కేదీ?' అంది. నన్ను చూసే అంది."

"నువ్వెక్కడున్నావు?"

"దాని పక్కనే. నర్సు బయటికెళ్ళింది. తలుపు గడియ పెట్టాను. ఇంక ఎవరూ రారు. మీరు కూడా."

డిటెక్టివ్ హాలు గుమ్మంలో నిలబడ్డ ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగి, గొంతు పైకి రాకుండా పెదాలతోనే చెప్పాడు, "ఆసుపత్రి. గది లోపల గడియ. అతనొక్కడే. పరిగెత్తు, నావల్ల కాదు, నీ బండే అందుకోగలదు." ఇన్‌స్పెక్టర్ రెండో మాటకి ఆగలేదు. వీధి మెట్లు రెండేసి దూకి జీపులో పడ్డాడు. వైర్‌లెస్‌లో అరుస్తున్న గొంతు ఒక్క క్షణం వినబడి, ఇంజిను హోరులో కలిసిపోయింది. ఆసుపత్రికి ఎనిమిది నిమిషాల దారి. ఆ మనిషి వేగం చూసి డిటెక్టివ్ గుండె మండకపోవడం ఏడేళ్ళలో ఇదే మొదలు.

అతను నోటు పుస్తకంలో పెద్ద అక్షరాలతో రాసి ఆమె కళ్ళ ముందు పెట్టాడు: పెట్టెయ్యనివ్వకండి. మాట్లాడించండి.

ఆమె రిసీవరుని రెండు చేతులతో పట్టుకుంది. ధైర్యం చెప్పే మాటలు, బతిమాలే మాటలు నోటి దాకా వచ్చి ఆగిపోయాయి.

"పెట్టేస్తున్నాను వదినా."

"ఉండు," అందామె. "నేనూ నిన్ను చూసి కుళ్ళుకున్నాను."

డిటెక్టివ్ నోటు పుస్తకం దించాడు.

"పన్నెండేళ్ళు. అమ్మ పోయినప్పుడు దానికి ఎనిమిదేళ్ళు. జడ వేసి, అన్నం పెట్టి, పక్కలో పడుకోబెట్టుకుని పెంచాను. నువ్వొచ్చి ఒక్క రోజులో తీసుకుపోయావు. పెళ్ళి పందిట్లో నవ్వుతూ నిలబడ్డాను. ఇంటికొచ్చి దాని దుప్పటి నమిలాను. నాకు నిద్ర పట్టకుండా పోయింది ఆ రోజు నుంచే. మీ వాటాలో మీ ఇద్దరి నవ్వులు వినబడితే ఇక్కడ పొయ్యి మీద నీళ్ళు పెట్టేదాన్ని, ఆ చప్పుడులో వినబడకుండా ఉంటుందని. ఎవరికీ చెప్పలేదు. దానికి కూడా."

వంటింటి గడియారంలో ముల్లు కదిలింది. పదీ యాభై ఎనిమిది. జీపు వెళ్ళి రెండు నిమిషాలే. డిటెక్టివ్ వేళ్ళు ఎత్తి ఇంకా ఆరని చూపించాడు.

రిసీవరులో అతని గొంతు వచ్చింది. మర్యాద పోయింది, మెత్తదనం పోయింది. ముక్కలైన గొంతు.

"నిజంగానా వదినా?" అన్నాడు. "మా నవ్వులు అంత వినబడేవా?"